గుడ్ల దొంగకు ఈకలు

లీలారాణి పద్దెనిమిదేళ్ళుగా కోళ్ళ ఈకలు పీకుతోంది. గజపతినగరం బజారులో కూరగాయల వరస దాటగానే రేకుల షెడ్డు కింద ఆమె దుకాణం. వేడినీళ్ళలో ముంచి తీసిన కోడి ఆమె చేతిలో నాలుగు నిమిషాల్లో నున్నగా తేలుతుంది. ముందు రెక్కలూ తోకా, ఆ తర్వాత వీపు, ఆఖర్న మెడ. ఒళ్ళు చల్లారితే రెక్క ఈకలు బిగుసుకుపోయి ఎంత లాగినా రావు, అందుకని వాటి పని ముందు పట్టాలి. ఇదంతా ఆమెకి ఎవరూ నేర్పలేదు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం మధ్యాహ్నం తమ్ముడు విక్టర్ వచ్చి, "అప్పా, ఈకలు అతకాలి. నువ్వు రావాలి" అన్నాడు.

"పీకించుకోడానికి ఊరంతా వస్తాది గానీ అతికించుకోడానికి వొచ్చినోడివి నువ్వే," అంది లీలారాణి కత్తి కడుగుతూ. "ఎండ గానీ తగిలిందేట్రా?"

ఎండ కాదు పాపం, వాడికి తగిలింది వేరే. విక్టర్‌కి కొత్తవలసలో రైలు కట్ట పక్కన బొమ్మల షెడ్డు ఉంది. ఫైబరుతో క్రిస్మస్‌కి దేవదూతలు, చవితికి వినాయకులు, ఏడాది పొడుగునా నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తబుట్టలు చేస్తాడు. పార్కులవాళ్ళు అడిగితే డైనోసార్లు కూడా చేసేవాడు. పచ్చరంగు, బోడి ఒళ్ళు, ఎర్ర నాలిక. పిల్లలు వాటి తోకల మీద జారి ఆడుకుని, ఐస్‌క్రీం పుల్లలు వాటి నోట్లో కుక్కి పోయేవారు. తను చేసిన బొమ్మ ముందు ఎవరైనా ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడితే చాలని వాడి కోరిక. నలభై దగ్గర పడుతున్నా ఆ నిమిషం రాలేదు.

ఈమధ్య విజయనగరంలో కొత్తగా కడుతున్న విజ్ఞాన ప్రదర్శనశాల నుంచి పద్మకుమారి అనే ఆఫీసరు వచ్చి ఒక డైనోసారు కావాలంది. బోడిది కాదు, ఈకలున్నది. గుడ్ల మీద కూర్చుని పొదుగుతున్నది. ఇది బాగా కుదిరితే మరో ఆరు బొమ్మలు కూడా వాడివేనంది. విక్టర్ రెండు నెలలు చెమటోడ్చి చేశాడు. ఆ సోమవారం పొద్దున్న ఆవిడ వచ్చి చూసి, "ఇదేంటండీ, ముళ్ళపందిలా ఉంది? శనివారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆర్డరు చెన్నైవాళ్ళకి వెళ్ళిపోతుంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

"మరి తప్పెక్కడుందో ఆవిడ సెప్పలేదా?"

"ఎక్కడో ఆవిడకీ తెల్దు. సూస్తే తెలస్తన్నాది గానీ ఏటో సెప్పలేకపోతన్నాను అన్నాది."

లీలారాణి మర్నాడు దుకాణం మూసి, కొత్తవలస రైలెక్కింది. వాడు ఆమెకి ఉత్త తమ్ముడు కాదు. వాళ్ళ తల్లి శాంతి, భావనపాడు తుపానులో పోయినప్పుడు లీలారాణికి తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు. పిన్ని ఇంట్లో ఉంటూ వాడికి ముక్కు తుడవడం దగ్గర్నుంచి పెళ్ళి దాకా చేసింది ఈవిడే. ఏడాదికోసారైనా విక్టర్ ఆమెని ఒక మాట అడుగుతాడు: "ఆరోజు అమ్మ మనకి ఏటి సెప్పినాదప్పా?" ఆమె ఎప్పుడూ, "ఏటో, గుర్తులేదు" అంటుంది. అది అబద్ధం. ఆమెకి ప్రతి అక్షరం గుర్తుంది.

షెడ్డులోకి అడుగుపెట్టి బొమ్మని చూసి లీలారాణి నవ్వడం మొదలుపెట్టింది. కూర్చున్నా ఆమె భుజం దాకా ఉన్న జంతువు, పక్షి ముక్కు, పొడుగు మెడ, పొడుగు చేతులు, చేతులకి గోళ్ళు. ఒళ్ళంతా ఈకలు. ప్రతి ఈక మొదలూ పైకే కనబడుతోంది, ఒక్కటీ పక్క ఈక కింద దాగలేదు.

"ఎక్కడ్నించి మొదలెట్టారు?"

"తల నుంచి," అన్నాడు ధనరాజ్. వాడు విక్టర్ దగ్గర రంగులు వేసే మనిషి. "అలంకారం ఎప్పుడూ శిరసు నుంచే కదమ్మా."

విక్టర్‌కి బొమ్మల పని నేర్పిన గురువు జగన్నాధం, వినాయకుల జగన్నాధం అంటారు. ఆయన దగ్గర కిరీటం పెట్టాకే కంఠహారం, హారం పెట్టాకే వడ్డాణం. కిందనుంచి మొదలుపెడితే చెయ్యి మీద ఒకటి వేసేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా, శిష్యుడు బాప్టిస్టు సంఘంలో పెద్దై డీకన్ అనిపించుకున్నా, ఆ అలవాటు చేతికి అలాగే ఉండిపోయింది. డైనోసారుకి కూడా కిరీటం నుంచి కిందకి ఈకలు అతికిస్తూ వచ్చాడు.

"తాటాకిల్లు కప్పినోడెవడైనా నడికొప్పు నుంచి మొదలెడతాడేట్రా?" అంది లీలారాణి. "సూరు నుంచి మీదకి పోతాడు. లేపోతే నీళ్ళన్నీ ఇంట్లోకే. ముందు తోక, తర్వాత వీపు, మెడ, ఆఖర్న తల. మొత్తం తీసెయ్."

"మొత్తమేటి? నాలుగు రోజులే ఉన్నాయప్పా."

"అందుకే ఇప్పుడే తీసెయ్."

రెండు నెలల పని. కానీ చిన్నప్పటి నుంచీ ఆమె ఆ గొంతుతో చెప్పిన పని వాడు ఎప్పుడూ ఎదురుచెప్పకుండా చేశాడు, ఇదీ చేశాడు. సాయంత్రానికి బొమ్మ బోడిదైపోయింది. లీలారాణి సుద్దముక్క తీసుకుని ఆ బోడి ఒంటి మీద గీతలు గీసింది. వీపు మీద ఒక దారి, రొమ్ముకి రెండు పక్కలా రెండు దారులు, తొడ మీద ఒకటి. మధ్యలో ఖాళీలు.

"ఈకలు ఒళ్ళంతా మొలవ్వురా. వరసల్లో మొలుస్తాయి. ఖాళీలన్నీ పక్క వరసే కప్పేస్తాది. పీకినోళ్ళకి తెలుస్తాది, తినేవోళ్ళకేటి తెల్సు?"

బుధవారం పద్మకుమారి అరకు వెళ్తూ దారిలో దిగింది. తిట్టడానికే దిగిందేమో, బొమ్మ మళ్ళీ బోడిగా కనబడేసరికి ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోరు సుద్దగీతలు చూసి మూసింది. బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఈ గీతలు ఎవరు గీశారు?"

"నానే మేడం. కోళ్ళ దుకాణం నాది."

"నేను వీటి గురించి పుస్తకంలో చదివాను. వరసలకి పేర్లు కూడా ఉన్నాయి," అంది పద్మకుమారి నెమ్మదిగా. "పరీక్షలో రాసి మర్చిపోయాను."

ఆ తర్వాత ఆవిడ అరకు ప్రయాణం మానేసింది. బ్యాగులోంచి ఫోనుకి తగిలించే చిన్న సూక్ష్మదర్శిని తీసి, నేలమీద పడున్న ఒక నాటుకోడి ఈకని దాని కింద పెట్టి, ఫోను లీలారాణి చేతికిచ్చింది.

ఈకని వెనక్కి దువ్వితే విడిపోతుంది, ముందుకి దువ్వితే మళ్ళీ అతుక్కుపోతుంది. ఇది లీలారాణికి తెలిసిందే, పని లేనప్పుడు వేళ్ళతో ఆడుకునేది కూడా. ఎందుకు అతుక్కుంటుందో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తెరమీద చూసింది. ఒక్కొక్క పోగుకీ మళ్ళీ పోగులు, ఆ పోగుల చివర కొక్కేలు. పక్క పోగుని పట్టుకుని వరసగా కొక్కేలు, లెక్కకి అందనన్ని, ఒక్కటీ వంకర పోలేదు. ఆమె రోజూ బుట్టలకెత్తి కాలవ గట్టున పారబోసే చెత్త. లీలారాణి ఫోనుని ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది.

"పద్దెనిమిదేళ్ళు," అంది. "ఇది సూడకుండా పద్దెనిమిదేళ్ళు పీకినాను."

"కోడిపిల్లకి ఈక ఎలా వస్తుందో చూశారు కదా," అంది పద్మకుమారి.

"సూడకేం. ముందు నూగు. తర్వాత ముల్లులాగ ఒక గొట్టం పొడుచుకొస్తాది. గొట్టం పగిలితే లోపల ఆకు మడత పెట్టి ఉంటాది."

"లోకంలో కూడా దాదాపు ఆ వరసలోనే వచ్చిందనుకుంటున్నాం. మొదట ఉత్త దారం. తర్వాత కుచ్చు. తర్వాత ఆకు, కొక్కేలు. కోట్ల ఏళ్ళు పట్టింది. మీ దుకాణంలో పిల్ల అదే వరసని నాలుగు వారాల్లో ముగిస్తుంది."

విక్టర్ అక్కవైపు చూశాడు. సంఘంలో ఆదివారం బడి నడిపే మనిషి, కోట్ల ఏళ్ళంటే ఏమంటుందోనని వాడి భయం. లీలారాణి ఈకని చీరకొంగుకి గుచ్చుకుంది.

"దేవుడు తొందరపడే రకం కాదని నాకెప్పుడూ అనిపించేది," అంది. "అయితే మేడం, ఒకటి సెప్పండి. ఇంత బరువు జంతువు, ఈ చేతులతో ఎగరలేదు. మరి చేతులకి ఇంతింత ఈకలేటికి?"

పద్మకుమారి చెప్పింది. ఈకలు ఎగరడానికి రాలేదు. ఎగరడం తర్వాతి మాట. ముందు వెచ్చదనానికి వచ్చాయి, చూపించుకోవడానికి వచ్చాయి, పిల్లల్ని కప్పుకోవడానికి వచ్చాయి. దీని ఈకలు ఇసకలో నిలవలేదు కానీ దీని చుట్టాల ఈకలు చైనా రాళ్ళలో అచ్చుపడి ఉన్నాయి. ఈ జంతువు దొరికింది మంగోలియా ఎడారిలో. ఏడున్నర కోట్ల ఏళ్ళ కిందటిది. పేరు చితిపతి.

"మనోళ్ళ పేరే," అన్నాడు ధనరాజ్ సంతోషంగా.

"దీని దగ్గర బంధువు ఒకటి ఉంది. మొదటిసారి గుడ్ల పక్కన దాని ఎముకలు దొరికితే, ఇంకెవరి గుడ్లో తినడానికి వచ్చిందనుకుని గుడ్ల దొంగ అని పేరు పెట్టారు. డెబ్బై ఏళ్ళ తర్వాత అలాంటి గుడ్డులోనే పిల్ల ఎముకలు దొరికాయి. చూస్తే ఆ గుడ్లు ఈ జాతి సొంతవే."

"సొంత గుడ్ల మీద కూచున్నదాన్ని దొంగన్నారా?" లీలారాణికి నిజంగానే కోపం వచ్చింది. "ఆ పేరు తీసెయ్యలేదా మరి?"

"ఒకసారి పెట్టిన పేరు మార్చరు."

"బాగున్నాది మీ న్యాయం."

పద్మకుమారి నవ్వి, ఫైల్లోంచి ఒక ఫొటో తీసి వాళ్ళ ముందు పెట్టింది. రాతిలో ఎముకలు. జానెడు పొడుగు గుడ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, మధ్యలో ఖాళీ. బరువుకి గుడ్లు చితికిపోకుండా జంతువు ఆ ఖాళీలో కూర్చుంది. రెండు చేతులూ చాచి గుడ్ల చుట్టూ వేసింది.

"ఇసక తుపానో, వానకి తడిసిన దిబ్బ విరిగి పడిందో తెలియదు. కాళ్ళు చూడండి ఎంత బలంగా ఉన్నాయో. లేచి పరిగెడితే బతికేది. లేవలేదు. ఇసక అలాగే కప్పేసింది."

"తల్లేనా?"

"తండ్రి కూడా కావచ్చంటారు. ఎముకలు చూసి చెప్పలేకపోతున్నాం."

"ఎవరైతేనేం," అని లీలారాణి బయటికి వెళ్ళిపోయింది. కిరండోల్ నుంచి ఇనప రాయి వేసుకుని వచ్చే గూడ్సు ఒకటి ఎర్రదుమ్ము రేపుకుంటూ పోతోంది. అది మొత్తం పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. లోపల విక్టర్ ఫొటో పట్టుకుని కూర్చున్నాడు. వాడికీ తెలుసు. వాడికి అమ్మ ముఖం గుర్తులేదు, తుపానులో మట్టిగోడ కూలి మీద పడేముందు రెండు చేతులు తమ మీదకి వచ్చిన సంగతి మాత్రం ఊళ్ళో అందరూ చెప్పగా విన్నాడు. పైనుంచి గోడ తీసినప్పుడు పిల్లలిద్దరి ఒంటిమీదా గీత కూడా లేదట.

గురువారమంతా పని సాగింది. నాటుకోళ్ళ ఈకలు కుంకుడురసంలో కడిగి ఆరబెట్టినవి వీపుకీ మెడకీ. టర్కీ కోళ్ళ ఫారం నుంచి తెప్పించిన పొడుగు ఈకలు చేతులకి. కోడి రెక్క ఈకకి పుల్ల ఒక పక్కకి జరిగి ఉంటుంది, ఈ జంతువు చుట్టాలకి సరిగ్గా నడిమధ్యన ఉండేదని పద్మకుమారి చెప్పింది కాబట్టి, లీలారాణి ప్రతి ఈకా కత్తెరతో సరిచేసి అతికించింది. తోక నుంచి మీదకి వరస మీద వరస. ఇన్నేళ్ళు ఊడబీకిన వేళ్ళు ఇప్పుడు వెనక్కి నడుస్తున్నాయి. తప్పు పోలేదు.

సాయంత్రం ఆఖరి వెలుగులో, చేతుల లోపలి పక్క అతకడానికి ఆమె నేలమీద వెల్లకిలా పడుకుని, గుడ్లు పక్కకి జరిపి, బొమ్మ కిందకి జరిగింది. పైకి చూసింది. రెక్క సందుల్లోంచి గోధుమరంగు వెలుతురు సన్నగా దిగుతోంది. బయటి చప్పుళ్ళు దూరమైపోయాయి. ఈ వెలుతురు ఆమెకి తెలుసు. ఆరోజు అమ్మ చీర పోగుల్లోంచీ విడిపోయిన జుట్టులోంచీ ఇలాగే దిగింది. ఇసక కప్పెయ్యని గూళ్ళు కూడా ఎన్నో ఉండి ఉంటాయి కదా, అనుకుంది. ఏడున్నర కోట్ల ఏళ్ళ కిందట వాటిలో పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని మొట్టమొదట చూసింది ఇదే అయుంటుంది. ఆకాశం కాదు, లోకం కాదు, ఇది. కొండలు పుట్టి అరిగిపోయాయి, ఈ చాచిన చెయ్యి మాత్రం మారలేదు. లీలారాణికి ప్రార్థన చెయ్యాలనిపించి, ఈకల్ని చేత్తో తాకుతూ ఉండిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి మెడ దాకా వచ్చారు. అప్పుడు పెట్టింది లీలారాణి మెలిక.

"ఈ తల దించాలి. మెడ కోసి వంచు."

విక్టర్ చేతిలో జిగురు డబ్బా కింద పెట్టేశాడు. "అప్పా, తల పైకి ఉండాలని ఆవిడ గీసిచ్చిన బొమ్మలో ఉన్నాది. సంతకం కూడా పెట్టినాది. మారిస్తే ఆర్డరు పోతాది. ఆరు బొమ్మలు పోతాయి. ఇంక జన్మంతా పెంగ్విన్లే."

"ఫొటోలో తల ఎక్కడున్నాది?"

విక్టర్ ఫొటో మళ్ళీ చూశాడు. ఎముకల్లో తల లేదు. ఎప్పుడో గాలికీ వానకీ రాయి కోసుకుపోయి, తల దొరకనే లేదని పద్మకుమారి చెప్పిన మాట గుర్తొచ్చింది.

"లేదు గానీ, ఆవిడ గీసినాది కదా."

"ఆవిడ ఊహించి గీసినాది. నాను ఊహించక్కర్లేదు. నానున్నాను ఆ కింద."

"నానూ ఉన్నాను," అన్నాడు విక్టర్. వాడి గొంతు మారింది. "నాకేం గుర్తులేదు. అడిగినప్పుడల్లా నువ్వు సెప్పలేదు."

లీలారాణి సుద్దముక్క తీసి, మెడ మీద కొయ్యాల్సిన చోట గీత గీసింది. విక్టర్ చాలాసేపు మెడ వైపే చూస్తూ కూర్చుని, లేచి రంపం తెచ్చాడు.

శనివారం పది గంటలకి పద్మకుమారి వచ్చింది. ధనరాజ్ గుడ్డ లాగాడు.

ఆవిడ మాట్లాడలేదు. ఒక నిమిషం దాటింది. షెడ్డులో ఫ్యాను గాలికి బొమ్మ మెడమీద ఈకలు లేస్తున్నాయి, పడుతున్నాయి. చాచిన చేతుల కింద గుడ్లు ఒక్కటీ కనబడటం లేదు, వంగి చూస్తే తప్ప. పొడుగు మెడ పక్కకి వంగి, తల ఎడమచేతి పక్కన గుడ్లకి ఆనుకుని ఉంది. పద్మకుమారి మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి చూసింది. లేచి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఈకలు అద్భుతంగా ఉన్నాయి," అంది. "కానీ తల నేను గీసినట్టు లేదు. ఎందుకు దించారు?"

విక్టర్ నేలచూపులు చూశాడు. లీలారాణి ముందుకొచ్చింది.

"తుపానొచ్చినప్పుడు తల ఎత్తి ఉంచదు మేడం. కింద పిల్లలుంటారు. భయపడతారు. తల దించి సెవిలో ఏదో ఒకటి సెప్తా ఉంటాది. మా అమ్మ అలగే సెప్పినాది, గోడ పడిన తర్వాత కూడా కొంచెంసేపు."

ఫ్యాను తిరుగుతోంది. పద్మకుమారి ఆమెనీ, విక్టర్‌నీ, బొమ్మనీ మార్చి మార్చి చూసింది. తర్వాత తన ఫైలు తెరిచి, తను గీసిన పాత బొమ్మ మీద అడ్డంగా గీటు కొట్టి, పక్కన సంతకం పెట్టింది.

"తల దొరకలేదు కాబట్టి ఇది తప్పని ఎవరూ అనలేరు. తల ఎటు ఉండేదో తెలియదని బొమ్మ పక్కన పెట్టే పలక మీద రాయిస్తాను. ఇలా ఉండేదని ఒకరు అనుకున్నారని కూడా రాయిస్తాను," అంది. "మిగతా ఆరింటికి కొలతలు సోమవారం పంపుతాను. ఈకలకి మాత్రం ఈవిడే ఉండాలి."

లారీ మాట్లాడటానికి ధనరాజ్ ఆవిడ వెనకే వెళ్ళాడు. షెడ్డులో అక్కాతమ్ముళ్ళిద్దరే మిగిలారు. ఆర్డరు నిలబడింది, ఎగిరి గంతెయ్యాలి. విక్టర్ బొమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ వంగిన తల పక్కన చతికిలబడ్డాడు.

"నీకు గుర్తున్నాది," అన్నాడు. "ఇన్నాళ్ళూ గుర్తులేదన్నావు."

"గుర్తున్నాది." లీలారాణి వాడి పక్కన కూర్చుంది. "అమ్మది నాకు మిగిలింది ఆ రెండు మాటలేరా. సెప్పేస్తే అయిపోతాదేమోనని భయం. అంతకంటే ఏటీ లేదు. నీకు సెప్పకుండా దాసుకున్నాను. నాదే తప్పు."

విక్టర్ ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"గాలి తగ్గేక ఏటి వండమంటారర్రా, అని అడిగినాది. నాను సేప అన్నాను. నీకు ఏడుపాగట్లేదు. నీ సెవి దగ్గర నోరుపెట్టి మళ్ళీ అడిగినాది. నువ్వు గుడ్డు అన్నావు. సరే, రెండూ వండుతాను, కదలకుండా పడుకోండి అన్నాది. ఇంక మాట్లాడలేదు."

విక్టర్ చెయ్యి చాచి, చితిపతి రెక్క అంచున విడిపోయిన ఒక ఈకని ముందుకి దువ్వాడు. అది అతుక్కుంది. మరొకటి దువ్వాడు.

"గుడ్డే అన్నానేటి అప్పా?"

"గుడ్డే."